ఉన్నది ఉన్నట్లు చెప్పుట

అబద్ధమాడరాదని మనము చిన్ననాటనే నేర్చుకొంటిమి. అబద్ధమనగా లేనిది ఉన్నదనుటయే అని తలంచుదుము. ఉన్నదానిని లేదనుట కూడ ఆ కోవలోనిదేనని, ఏబదియేండ్లు దాటిన తరువాత, ఒక తాపీమేస్త్రివలన నాకు బోధపడినది.

అతడు మా సంఘస్థుడు. 2021లో పరంజామీదినుండి పడి వెన్ను విరుగగొట్టుకొనెను. ప్రాణము దక్కినది గాని కుడికాలు ఈడ్చుచు నడచును. భార్య కూలికిపోయి తెచ్చినదే ఆ యింటికి ఆధారము. 2023లో అతడు నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, సదరానికి పెట్టుకోమంటున్నారు, పెట్టుకోమంటారా?" అని అడిగెను. నేనేమంటినో చెప్పుటకు సిగ్గగుచున్నది. "దేవుడు చూచుకుంటాడు తమ్ముడూ, ఒకరి దగ్గర చేయి చాచవద్దు" అంటిని. ఆదివారపు కానుకలవలన బ్రదుకుచున్న నేను ఆ మాట అంటిని! నా మాట విని అతడు ఊరకుండెను. ఒక సంవత్సరము ఆ విధముగా పోయెను.

తరువాత ఒక ఆదివారము మెఫీబోషెతును గూర్చి ప్రసంగించుటకు సిద్ధపడుచుంటిని. రెండు కాళ్లును కుంటివైన ఆ మనుష్యుని దావీదు తన బల్లయొద్ద కూర్చుండబెట్టుకొనుట జాలివలన అని నేను ఎన్నిమారులు బోధించితినో! ఈసారి చదువగా అది యోనాతానునకు ఇచ్చిన మాట నిలుపుకొనుట అని తోచినది. మన దేశమును అట్టి మాట ఒకటి ఇచ్చియున్నది. నిరుద్యోగము, వార్ధక్యము, వ్యాధి, అంగవైకల్యము కలిగినవారికి ప్రభుత్వము తన శక్తికొలది సహాయము చేయవలెనని రాజ్యాంగము 41వ అధికరణమునందున్నది. 1995 నాటి చట్టము 7 విధముల వైకల్యములనే గుర్తింపగా, 2016 నాటి చట్టము 21 విధములను గుర్తించినది. ఆంధ్రప్రదేశ్‌లో 40 శాతము, అంతకుమించి వైకల్యముగల అర్హులకు పింఛను 2024లో నెలకు 6,000 రూపాయలకు హెచ్చించబడినది. ఆ సాయంకాలమే నేను మేస్త్రి యింటికి పోయి, నా మాట వెనుకకు తీసికొంటినని చెప్పితిని.

సచివాలయములో స్లాటు దొరికినది. ఆధారు, బియ్యము కార్డు, పాత ఆసుపత్రి కాగితములు ఒక సంచిలో పెట్టుకొని ఇద్దరము బయలుదేరితిమి. అతడు ఇస్త్రీచొక్కా తొడిగికొనెను. కర్రను ఆటోలోనే విడిచి, పండ్లు బిగబట్టి, గదిలోనికి తిన్నగా నడిచెను. "పడిపోతుంటావా?" అని డాక్టరుగారు అడిగిరి. "లేదండి." "పని చేసుకోగలవా?" "ఏదో చేసుకుంటానండి." ఆయనను తప్పుపట్టజాలను. బయట వరుస గేటువరకు ఉండెను. నేను ప్రక్కనే నిలిచి ఒక్క మాటయు పలుకలేదు. పైగా, మావాడు దేవురించలేదు గదా అని లోలోపల గర్వపడితిని కూడ. కొన్నిదినములకు శాతము తేలినది, 40కి తక్కువ.

చదువరీ, ఉన్నదానికంటె ఎక్కువ చూపి మోసముతో మేలు పొందువానికి 2016 చట్టమునందు రెండేండ్లవరకు చెర, లేక లక్ష రూపాయలవరకు జుల్మానా, లేక రెండును కలవు. తక్కువ చెప్పినవానికి ఏ చట్టమును శిక్ష విధింపదు. ఆ శిక్ష అతని భార్య అనుభవించుచున్నది.

అతడేల దాచెనో నాకు తెలియకపోలేదు. మూడంతస్తుల ఎత్తున నిలిచి ఇటుక పేర్చినవాడు. మన గ్రంథములో కుంటివాడని యున్నది, ఇప్పటి కాగితములలో దివ్యాంగుడని వ్రాయుచున్నారు. ఆ రెండును అతనికి గిట్టవు. "మేస్త్రీ అని పిలవండి, చాలు" అనును. నేనును అట్లే పిలుచుచున్నాను.

కావున నీవో, నీ యింటివారో ఆ గదిలోనికి పోవలసియున్నయెడల, కాగితముల సంచి సర్దుటకు ముందు ఒక రాత్రి కూర్చుండి, లేచినది మొదలు పరుండువరకు నీ దినము ఎట్లు గడచుచున్నదో వ్రాసికొనుము. ఒంటరిగా వ్రాయకుము. మన బలహీనతను మనకంటె ఇంటివారు బాగుగా ఎరుగుదురు. ఎంతదూరము నడచి ఎక్కడ కూలబడుచున్నావు? నీళ్లు ఎవరు మోయుచున్నారు? కాలినుండి చెప్పు జారినప్పుడు నీకు తెలియుచున్నదా? మంచి దినములను కూడ వ్రాయుము. ఒక్క మాటయు పెంచవద్దు. నిత్యము పట్టుకొను కర్రను ఆ దినమునను పట్టుకొని పొమ్ము.

శాతము తప్పని తోచినయెడల అప్పీలు చేసికొనుటకు అదే చట్టము వీలు కల్పించినది. దానికొరకు మొన్నటి రాత్రి మేస్త్రి యింట కూర్చుంటిమి. అతడు చెప్పగా నేను వ్రాసితిని. ఒక పుట నిండినది. ముగించుచుండగా గడపయొద్దనుండి అతని భార్య, "రాత్రిళ్లు పక్క తడుస్తున్న సంగతి చెప్పలేదేం?" అనెను.

అతడు తల వంచుకొనెను. వెన్ను దెబ్బతిన్నవారికి అట్లు జరుగుట కలదు, డాక్టరు తప్పక వినవలసిన సంగతి అది. ఇన్నేండ్లు అతని మంచము ప్రక్కన ప్రార్థన చేసిన నాకును అది తెలియదు.

చాలసేపటికి, "అది కూడా రాయాలా అయ్యగారూ?" అనెను.

"రాయాలి మేస్త్రీ" అని కాగితము త్రిప్పితిని.