కడపటి గంట కూలి

న్యాయానికీ దాతృత్వానికీ పొత్తు కుదురుతుందా అన్న ప్రశ్న మతగ్రంథాల పుటలకే పరిమితమైనది కాదు. కూలి లెక్క జరిగే ప్రతిచోటా అది తలెత్తుతుంది. మత్తయి సువార్త ఇరవయ్యవ అధ్యాయంలోని ద్రాక్షతోట ఉపమానం ఆ ప్రశ్నను సూటిగా మన ముందుంచుతుంది.

ఒక యజమాని తెల్లవారుజామున కూలీలతో దినానికి ఒక దేనారం చొప్పున ఒప్పందం చేసుకొని తన తోటకు పంపాడు. అటుపై మరి నాలుగు పర్యాయాలు సంతవీధికి వెళ్ళి, పనిలేక నిలిచినవారిని పిలుచుకొనివచ్చాడు. చివరి జట్టు పనిచేసింది ఒక్క గంట. సాయంకాలం కడపట వచ్చినవారితో మొదలుపెట్టి అందరికీ ఒక్కొక్క దేనారమే ఇప్పించాడు. పగలంతా ఎండకోర్చినవారు సణిగారు.

ఆ సణుగుడును తేలికగా కొట్టివేయరాదు. శ్రమకు తగిన ఫలమన్నది న్యాయానికి ప్రాథమిక సూత్రం. అయితే వారికి రావలసినదానిలో ఒక్క కాసు తగ్గలేదు. ఇతరులు తమతో సమానమయ్యారన్నదే వారి బాధ. కడపటివారు సోమరులూ కారు. తమనెవరూ పనికి పిలవలేదని వారే చెప్పుకున్నారు. దేనారం ఆనాటి కూలివాని ఒకనాటి వేతనం. అందులో కోత పడితే ఆ రాత్రి ఇంటిల్లిపాదికీ అన్నంలో కోత పడుతుంది. యజమాని లెక్కలో పనిగంటలతోపాటు ఆకలికీ చోటు దొరికింది.

ఈ ఉపమానంలోని మాటలనే శీర్షికగా గ్రహించి జాన్ రస్కిన్ 1860లో అర్థశాస్త్ర వ్యాసాలు ప్రకటించాడు. 1904లో దక్షిణాఫ్రికాలో రైలు ప్రయాణంలో వాటిని చదివిన గాంధీజీ, 1908లో వాటి సారాన్ని గుజరాతీలో ‘సర్వోదయ’ పేరిట వెలువరించారు. మనకు చిరపరిచితమైన ఆ పదానికి ఈ ద్రాక్షతోటతో ఇంతటి చుట్టరికముంది.

ఉపమానాన్ని భిలాయివంటి ఉక్కునగరంలో నిలబడి చదివితే మరొక అర్థం స్ఫురిస్తుంది. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసిన ఈ కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. తెలుగువారితో సహా నానా ప్రాంతాలవారికి అది స్థిరమైన ఉద్యోగాన్ని, క్వార్టరును, బడిని, వైద్యాన్ని ఇచ్చింది. కాని కొలిమికి ఇనుపరాతిని తవ్వి పంపిన దల్లీ రాజహరా గనులలో వేలాది కాంట్రాక్టు కూలీలు ఆ నీడకు వెలుపలనే ఉండిపోయారు. శాశ్వత కార్మికులకంటె తమకు బోనస్ బాగా తక్కువగా నిర్ణయించిన ఒప్పందాన్ని నిరాకరించి, 1977లో వారు శంకర్ గుహా నియోగి నాయకత్వాన ప్రత్యేక సంఘంగా ఏర్పడ్డారు. తరువాత భిలాయి ప్రైవేటు పరిశ్రమల కార్మికులకు అండగా నిలిచిన నియోగి 1991 సెప్టెంబరు 28న హత్యకు గురయ్యారు.

ఉపమానంలో ఒక గంట పనికి పూర్తి కూలి దక్కింది. గనిలో పూర్తి పనికి కూడా సమాన ప్రతిఫలం దక్కలేదు. ‘నా సొమ్ము నా ఇష్టం’ అన్న తోట యజమాని మాటను ఈ వ్యత్యాసానికి సమర్థనగా వాడుకోవడం లేఖనాన్ని తలక్రిందులు చేయడమే. మొదటివారికి ఒప్పుకున్న దేనారం పూర్తిగా చెల్లించిన పిమ్మటనే అతడు తన ఇష్టాన్ని ప్రస్తావించాడు. ఆ ఇష్టమైనా అధికంగా ఇవ్వడానికే. సూర్యుడు అస్తమించకముందే బీదవాని కూలి చెల్లించాలని ద్వితీయోపదేశకాండం విధించింది. న్యాయం తీర్చవలసిన బాకీ; దానిపైన చేసేదే దానం. బాకీ ఎగవేసి దానం చేసేవానిని ఏ ధర్మశాస్త్రమూ దాతగా ఎంచదు. సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకు సైతం వర్తిస్తుందని 2016లో సుప్రీంకోర్టు చెప్పినది ఈ బాకీని గురించే.

ఇక ఓర్పు సంగతి. తెలుగు బైబిలు దానిని ‘దీర్ఘశాంతము’ అంటుంది. దేవునికి ఆపాదించిన గుణాలలో అది ఒకటి. శిక్షించగల శక్తి ఉండీ ఆగేవానికే ఆ మాట శోభిస్తుంది. మన వ్యవహారంలో మాత్రం ఓర్పును పై నుంచి క్రిందికి ఉపదేశిస్తాం: బిల్లు మంజూరు కాలేదు, ఫైలు కదలలేదు, వేచివుండమంటాం. ఉపమానంలో దీర్ఘశాంతం పొద్దు గూకుతున్నవేళ అయిదవమారు సంతవీధికి నడిచి వెళ్ళినవానిది. అక్కడ సాయంకాలందాకా నిలిచివున్నవానికి దానిని బోధించే అధికారం మనకు లేదు.