ఆ పన్నూ, ఈ పన్నూ



నరసాపురం చుట్టుపక్కల పంటినొప్పికి సర్కారు ఆసుపత్రికి వెళ్లివచ్చిన వారిని "ఎంతయింది?" అని అడిగి చూడండి. "ఊరికే అయిపోయింది" అంటారు. నిజంగా ఊరికే అయిందా? ఆ ఖర్చు ఎవరు భరించినట్లు?

పన్ను చిన్నదే. కాని దాని వైద్యానికి ప్రత్యేకమైన కుర్చీ, ఎక్స్‌రే, మత్తు ఇంజక్షను, రోగి రోగికీ శుభ్రం చేసిన పరికరాలు కావాలి. అన్నింటికీ మించి డాక్టరు సమయం కావాలి. పిప్పిపన్ను పీకడం ఒక్క పూట పని. అదే పన్నును రూట్ కెనాల్ చేసి నిలబెట్టాలంటే తరచు రెండు మూడుసార్లు రావాలి, పైన తొడుగు వేయాలి. అందుకే డబ్బున్నవాని పన్ను నిలుస్తుంది, లేనివాని పన్ను ఊడుతుంది. లేసు అల్లుకొని బతికే తల్లికి పన్ను పీకడం ఉచితమే కావచ్చు. ఆనాడు పోయిన కూలి, బస్సు చార్జీ, ఆపైన నమలలేని బాధ ఏ చీటీ మీదా రాయరు.

ఖర్చు ప్రభుత్వానిదంటాం. ప్రభుత్వానికి సొంత పొలం లేదు. తెలుగులో నోట్లో ఉన్నదీ పన్నే, సర్కారుకు కట్టేదీ పన్నే. 2017 జూలై నుండి 2025 సెప్టెంబరు వరకు టూత్‌పేస్టు మీద 18 శాతం జి.ఎస్.టి. ఉండేది, తరువాత 5 శాతానికి తగ్గించారు. కామందు కట్టాడు, కూలివాడూ కట్టాడు. కనుక ఆసుపత్రి మెట్లెక్కే పేదవాడు బిచ్చానికి రావడం లేదు. తన వాటా ఉన్న చోటికే వస్తున్నాడు. అతనిని కసురుకొనే హక్కు ఎవరికీ లేదు.

అట్లని అందరికీ అన్నీ ఇవ్వగలమా? బ్రిటన్‌లో 1948 జూలైలో జాతీయ ఆరోగ్య సేవ మొదలైనప్పుడు కట్టుడు పళ్లు కూడా ఉచితమే. జనం వెల్లువలా వచ్చారు. 1951లోనే కట్టుడు పళ్లకు, కళ్లజోళ్లకు రుసుము పెట్టారు. ఆ సేవను నెలకొల్పిన అన్యూరిన్ బెవాన్ అది సహించలేక మంత్రి పదవి వదులుకొన్నారు. సంపన్న దేశానికే లెక్క కుదరలేదు. మన రాష్ట్రంలో 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ కూడా ముందు పెద్ద జబ్బులనే చూసుకొంది. తప్పనలేం, ప్రాణం ముందు, పన్ను తరువాత. కాని చిన్న పిప్పిని వదిలేసి దవడ వాచేదాకా ఆగితే ఖర్చూ పెరుగుతుంది, బాధా పెరుగుతుంది.

మంచి సమరీయుడు గాయపడినవానిని సత్రంలో దించి చేతులు దులుపుకొనలేదు. సత్రపు ఖర్చు తానే ఇచ్చాడు, చాలకపోతే మళ్లీ ఇస్తానన్నాడు. జాలికి కూడా ఖర్చుంటుంది, దానిని ఎవరో ఒకరు మోయాలి.

మరి మనం మోయవలసినది ఏమిటి? రాత్రి పడుకొనే ముందు పిల్లలచేత పళ్లు తోమించడం. పొగాకు, గుట్కా మానడం. పంటి మీద నల్లమచ్చ కనబడగానే చూపించడం. డాక్టరు రమ్మన్న రోజున మానకుండా వెళ్లడం. మనం ఎగ్గొట్టిన ఆ గంట మరొకరికి దక్కవలసినది. పన్నును నిలబెట్టే వైద్యం మన ఆసుపత్రిలో ఎందుకు లేదని గ్రామసభలో మర్యాదగా అడగడం కూడా మన బాధ్యతే.

ఊరికే వచ్చిందనుకొన్నదానిని మనం పారవేస్తాం. పొరుగువాడు కూడా చెల్లించాడని తెలిస్తే జాగ్రత్తగా వాడుకొంటాం.