చేదుకొను చేయి



మహాశివరాత్రి సమీపించగానే నల్లమల అడవిదారులు శివనామముతో మారుమ్రోగును. ఆత్మకూరు చెంతనున్న వెంకటాపురమునుండి బయలుదేరి, నాగలూటి వీరభద్రుని సేవించి, పెచ్చెరువు మీదుగా భీముని కొలను లోయలోనికి దిగి, అచ్చటినుండి కైలాసద్వారమునకు ఎక్కి శ్రీశైలము చేరు కాలిబాట ఎన్నో తరముల యాత్రికుల పాదములకు పరిచితమైనది. 14వ శతాబ్దమున కొండవీటి రాజ్యము నేలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకు సోపానములు కట్టించి యాత్రికుల శ్రమ తగ్గించెను. నేడు బస్సులు క్షేత్రమువరకు పోవుచున్నను, శివరాత్రికి తెలుగువారును, ఉగాదికి కన్నడ సోదరులును వేలాదిగా అడవిబాటనే నడచి వచ్చుచున్నారు.

ఆ దారి పొడవునా వినవచ్చు పిలుపు ఒకటి కలదు. "చేదుకో మల్లన్నా!" చేదుట యనగా బావిలోని నీటిని త్రాటితో పైకి లాగుట. సంసారమను లోతైన బావిలో పడియున్న మమ్ము పైకి లాగుకొమ్మని భక్తుడు మొరపెట్టుకొనుచున్నాడు. మరి స్వామి మనలను చేదుకొను త్రాడు ఎట్లుండును? ఎవరి చేతిమీదుగా అది మనకు అందును?

చాల ఏండ్ల క్రిందట నేనును ఇద్దరు మిత్రులతో కలసి ఆ బాట నడచితిని. మాలో ఒకడు బడిపంతులు, మరొకడు సేద్యము చేసికొనువాడు. మువ్వురమును చిన్ననాటి స్నేహితులమే. శివరాత్రినాటి రాత్రి లింగోద్భవ సమయమునకు ముందు జరుగు పాగాలంకరణమును కన్నులార చూడవలెనని నా కోరిక. నేతగాడు రోజుకొక మూర చొప్పున ఏడాది పొడవునా నేసిన పాగాను, దీపములన్నియు ఆర్పిన చీకటిలో స్వామివారి విమాన శిఖరమునకు చుట్టు ఆ వేడుక ఎవరి మనస్సు నాకర్షింపదు?

పెచ్చెరువు దాటునప్పటికే పంతులుగారి అరికాళ్ళు బొబ్బలెక్కినవి. భీముని కొలనుకు దిగు మెట్లపై మోకాళ్ళు పట్టివేసినవి. లోయ అడుగున అతడు చతికిలబడి, "మీరు పొండిరా. నా మూలాన మీకు దర్శనం తప్పకూడదు" అనెను. నిజము చెప్పవలెనన్న, ఆ మాట నాకు ఇష్టముగనే తోచినది. "అలాగే, నువ్వు మెల్లగా రా. మేము పైన కనిపెట్టుకొని ఉంటాం" అని మూట భుజమున వేసికొంటిని.

రైతు మిత్రుడు కదలలేదు. తన కండువా చింపి, పంతులుగారి పాదములకు చుట్టి కట్టెను. అతని మూటను కూడ తన భుజమునకు తగిలించుకొని, నా వంక చూచి, "ముగ్గురం కలిసి బయలుదేరాం. ఎదుట నిలబడ్డాక, మూడోవాడేడని మల్లన్న అడిగితే ఏం చెబుతావు?" అనెను. నా దగ్గర సమాధానము లేదు. సిగ్గుతో తల వంచుకొంటిని.

ఆ నిలువెత్తు మెట్లు మువ్వురము కలసి ఎక్కితిమి. పది మెట్లెక్కుట, కూర్చుండుట. మరల పది మెట్లు. కైలాసద్వారము చేరునప్పటికి రాత్రి చాల గడచినది. పాగాలంకరణము మాకు దక్కలేదు. తెల్లవారిన పిమ్మట శిఖరమునకు చుట్టియున్న ఆ తెల్లని పాగాను చూచి మ్రొక్కితిమి. పంతులుగారి కన్నులు చెమర్చినవి. నొప్పివలన కాదట, మాకు భారమైతినని.

మిత్రునికి భారమగుట అవమానమా? మహాభారతమున అరణ్యపర్వము దీనికి సమాధాన మిచ్చుచున్నది. తీర్థయాత్రలో గంధమాదన మార్గము కడు దుర్గమమని తెలిసి, ద్రౌపదితో కూడ గంగాద్వారమున ఆగిపొమ్మని ధర్మరాజు భీమునితో చెప్పెను. భీముడు అందుల కొప్పుకొనలేదు. ఆమె నడవలేని చోట తానే మోసెదననియు, అవసరమైన నకుల సహదేవులను కూడ మోసెదననియు పలికెను. పిదప కొండదారిలో గాలివాన చెలరేగి వెలిసిన తరువాత పాంచాలి సొమ్మసిల్లి పడిపోవుచుండగా నకులుడు పరుగెత్తి పట్టుకొనెను. ధర్మరాజు ఆమెను ఒడిలోనికి తీసికొనెను. ధౌమ్యుడు రక్షామంత్రములు పఠించెను. అల్లెత్రాటి ఒరపిడికి కాయలు కాచిన చేతులతో మాద్రేయులిద్దరును ఆమె పాదము లొత్తిరి. భీముడు తలచినంతనే ఘటోత్కచుడు వచ్చి ఆమెను మోసికొనిపోయెను. ద్రుపదరాజపుత్రిక ఆ సేవను స్వీకరించినది; దానివలన ఆమె గౌరవమునకు లోటు కలుగలేదు. సాయము చేయుటకు దయ కావలెను. సాయమును స్వీకరించుటకు వినయము కావలెను. రెండును సాధనలే.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. మహాప్రస్థానమున ద్రౌపదియు, తమ్ములును ఒకరి వెనుక ఒకరు పడిపోవుచుండగా ధర్మరాజు వెనుదిరిగి చూడక నడచెను గదా! అది తోడువారిని విడుచుట కాదా? ఇదే ప్రశ్నను ఇంద్రుడే వేసెను. భార్యను, తమ్ములను విడిచినవాడవు, ఈ కుక్కను మాత్రము ఏల విడువవని అడిగెను. మరణించినవారిని తాను బ్రతికింపజాలననియు, వారు జీవించియుండగా విడువలేదనియు ధర్మరాజు బదులిచ్చెను. ఊపిరి ఉన్నంతవరకు తోడు విడువరాదను ధర్మము ఆ మాటలో ఉన్నది. నమ్మి వెంట వచ్చిన కుక్కను విడిచి ఎక్కవలసిన స్వర్గరథము అతనికి అక్కరలేకపోయెను. ఆ కుక్కయే ధర్మదేవత అని పిదప తెలిసినది. ముందే తెలిసియుండిన అది పరీక్ష కాకపోయెడిది. అట్లే బొబ్బలెక్కిన పాదములతో మెట్టుపై కూలబడిన మిత్రునిలో ఎవరున్నారో మనకు ముందుగా తెలియదు.

కావున ఈ యేడు గుంపుగా నడచు సోదరులకు నాదొక మనవి. మీలో మెల్లగా నడచువాని నడకయే గుంపు నడక కావలెను. అతనిని వెనుక విడువక ముందు నడిపింపుడు. కాలు నొచ్చినవాడు దాచక తొలుతనే చెప్పవలెను. అభిమానముతో దాచిన చిన్న పుండు నడియడవిలో అందరికి ఆపద తెచ్చును. నీళ్ళు పంచుకొనుడు, మూటలు మార్చుకొనుడు, వెనుకబడినవానిని ఎగతాళి చేయకుడు. ఒక వేడుక తప్పినచో మరుసటి యేడు చూడవచ్చును. అడవిలో విడిచిన స్నేహము మరల దొరకునో లేదో!

ఆ రాత్రి నేను చూడగోరినది దీపములార్పిన చీకటిలో శిఖరమునకు చుట్టు పాగాను. చూచినదో, లోయ చీకటిలో మిత్రుని పాదములకు చుట్టిన చిరిగిన కండువాను. ఈ రెంటిలో మల్లన్నకు ప్రియమైన దేదని నేడు నన్నడిగిన, చెప్పుటకు తడబడను. ఆనాడు ఆ రైతు చేయి పట్టుకొని మెట్లెక్కినది పంతులుగారొక్కరే కాదు; దారి తప్పబోయిన నేనును ఆ చేతితోనే పైకి చేదబడితిని.

భ్రమరాంబా సమేత మల్లికార్జునస్వామి మనకందరకును అట్టి తోడు నొసగుగాక! మనలను అట్టి తోడుగా చేయుగాక!

స్వస్తి.