మాయాప్రవరుని నేరము

హిందీలో "బైతాల్ పచీసీ"గా ప్రసిద్ధికెక్కిన బేతాళ కథలను రిచర్డ్ బర్టన్ 1870లో ఇంగ్లీషువారికి చెప్పినప్పుడు, బేతాళునికి "వ్యాంపైర్" అని నామకరణం చేసినాడు. అనువాదకులు చేసే సాహసాలలో ఇది చిన్నదేమీ కాదు. మన బేతాళుడు శవంలో ఆవేశించి ఉంటాడు; చెట్టుకొమ్మకు తలక్రిందుగా వేలాడుతాడు; తనను మోసుకొనిపోయే రాజుకే కథ చెప్పి, దాని చివర ధర్మసందేహమొకటి అడుగుతాడు. బ్రామ్ స్టోకర్ 1897లో లోకానికి పరిచయం చేసిన డ్రాక్యులా ప్రభువు ఏ సందేహమూ అడగడు. అతనికి కావలసినది మెడలోని రక్తం. ఒకనికి సమాధానం కావాలి, మరొకనికి నెత్తురు కావాలి. ఇద్దరికీ ఒకే మాట ఎట్లు చాలునో బర్టన్ దొరకే తెలియాలి.

అయినా, నేటి నవలలు కొన్ని చదివిన మీదట ఆ దొరమీద నా కోపం కొంత తగ్గినది. అమెరికాలో 1990ల నుంచి విస్తారంగా వెలువడుతున్న నవలాశాఖ ఒకటి ఉన్నది. అందులో రక్తపిశాచులు పాడుపడిన కోటలలో గాక, బస్తీలలో, అద్దె ఇళ్లలో కాపురముంటారు. తోడేళ్లుగానూ కుక్కలుగానూ మారగలవారు పగలు ఉద్యోగాలు చేసుకొంటారు. కథానాయిక సాధారణంగా ఒంటరిది. రెక్కల కష్టంమీద బ్రతికేది. లోపల ఏదో గాయాన్ని మోసేది. సిద్ధగోరాలోని తెలుగు ఇళ్లలో, ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కళాశాలలో ఇంగ్లీషు పలుకుతూ రోజుకు మూడు రూపాలు ధరించే ఆడపిల్లలు ఈ పుస్తకాలను ఇష్టంగా చదువుతారు. పెద్దలు అట్టమీది బొమ్మను చూచి ముఖం చిట్లిస్తారు. అట్ట తిప్పి లోపలికి పోతే, అక్కడ బేతాళుడు మళ్లీ నోరు విప్పి ఉన్నాడు. తనది కాని రూపంతో ఒక స్త్రీ వద్దకు వచ్చినవాడు ఆమెకు ఏమి బాకీపడి ఉన్నాడు? ఇదీ అతని ప్రశ్న.

ఈ ప్రశ్నను మనవారు ఎన్నడో ఎదుర్కొన్నారు. ఎదుర్కొని, ప్రక్కకు తప్పుకొన్నారని నా అభిప్రాయం. పెద్దన మనుచరిత్రలోని ప్రవర వరూధినుల కథ తెలుగువారికి చెప్పనక్కరలేదు. ప్రవరుడు వరూధినిని త్రోసిపుచ్చి, అగ్నిదేవుని ప్రార్థించి ఇల్లు చేరుకొన్న తరువాత, పూర్వం ఆమెను కోరి భంగపడిన గంధర్వుడొకడు ప్రవరుని రూపం ధరించి వస్తాడు. మార్కండేయ పురాణంలోని మూలకథలో అతడు ఒక నియమం కూడా పెడతాడు: సంగమవేళ ఆమె కన్నులు మూసుకొని ఉండవలెనట. మన విద్యాలయాలలో ప్రవరుని నిగ్రహాన్ని గురించి గంటలకొద్దీ చెప్పుకొన్నాం. వరూధిని చాపల్యాన్ని గురించీ, పెద్దన అల్లికజిగిబిగిని గురించీ చెప్పుకొన్నాం. గంధర్వుని ఎవరూ బోనులో నిలబెట్టలేదు. వానిని కథ ముందుకు నడపడానికి కవి వాడుకొన్న పనిముట్టుగానే చూచినాం. వానివల్ల స్వరోచి పుట్టవలెను, స్వరోచికి స్వారోచిష మనువు పుట్టవలెను, కావ్యానికి పేరు రావలెను.

గంధర్వుని పక్షాన చెప్పదగిన మాటలు లేకపోలేదు. అతడు ఆమెను నిజంగానే ప్రేమించినాడు. ప్రవరునివలె విదిలించి పోలేదు. ఆమె సుఖపడినది. వారి వంశాన ఒక మనువే ఉదయించినాడు. ఈ మూడింటిలో మొదటిదే నాకు అన్నిటికంటె బలహీనంగా కనిపిస్తుంది. అంతకు ముందే ఆమె అతనిని కాదన్నది. కాదనిపించుకొన్న ప్రేమ, ఆమె ఎవరిని కావాలన్నదో వాని ముఖం తొడుగుకొని తిరిగివస్తే, అది ప్రేమ ఎంత గాఢమైతే అంత పెద్ద దోపిడి. ఇక ఆమె సుఖమా, ఆ సుఖం ప్రవరుని పేర వ్రాసిన ఉత్తరం. మరొకడు విప్పి చదువుకొన్నాడు. మనువు మాటకు వస్తే, పుట్టిన బిడ్డకు ఏ దోషమూ లేదు. బిడ్డ గొప్పతనం తండ్రి ఋణాన్ని తీర్చదు. కన్నులు మూసుకొమ్మన్ననాడే గంధర్వుడు తన నేరాన్ని ఒప్పుకొన్నాడు. చూస్తే ఆమె ఒప్పుకోదని వానికి తెలుసు.

ఇంతకంటె చిక్కైనది అహల్య కథ. వాల్మీకి బాలకాండలో అహల్య, ముని వేషంలో వచ్చినవాడు ఇంద్రుడని ఎరుగును. ఎరిగియే, కుతూహలంతో సమ్మతించినది. తరువాతి కథకులలో పలువురికి ఇది మ్రింగుడుపడలేదు. ఆమెకు ఏమీ తెలియదన్నారు. నిజంగా గౌతముడే అనుకొన్నదన్నారు. వారి దయను నేను శంకించను. ఆమెను శిక్షనుండి కాకపోయినా నిందనుండి తప్పించాలనే చెప్పినారు. కాని ఆ దయ ఒక షరతుతో వచ్చినది. స్త్రీ నిర్దోషి కావాలంటే అజ్ఞాని అయి ఉండాలి! తెలిసి ఎన్నుకొన్న స్త్రీకి క్షమ దొరకదు. మోసపోయిన స్త్రీకి జాలి దొరుకుతుంది. మారురూపాల కథలలో శతాబ్దాలుగా మనం కథానాయికలకు ఇచ్చిన స్వేచ్ఛ ఇంతే.

ఈ కట్టును తెంచినవాడు రాజస్థానీ కథకుడు విజయదాన్ దేథా. ఆయన "బాతాఁ రీ ఫులవాడీ" సంపుటానికి 1974లో సాహిత్య అకాడెమీ పురస్కారం లభించినది. ఆయన "దువిధా" కథను మణి కౌల్ 1973లోనే చిత్రంగా తీసినాడు. 2005లో "పహేలీ" అన్న పేర అది మరొకసారి తెరకెక్కినది. క్రొత్త పెండ్లికూతురు అత్తవారింటికి పోతూ చెట్టునీడన ఆగుతుంది. ఆ చెట్టుమీది భూతం ఆమెను చూచి మోహిస్తుంది. పెండ్లికొడుకు వర్తకుడు, లెక్కల పుస్తకం మీదనుండి చూపు ఎత్తడు. భార్యను ఇంట దించి అయిదేండ్ల వ్యాపారానికి దేశాంతరం పోతాడు. భూతం వాని రూపం ధరించి ఇంటికి వస్తుంది. ఇంతవరకూ మాయాప్రవరుని కథే. ఐతే ఆ రాత్రి, ఆమెను తాకక ముందే, భూతం నిజం చెబుతుంది. నేను నీ భర్తను కాను, ఫలానా చెట్టుమీది భూతాన్ని అని చెప్పి నిలబడుతుంది.

కథ మొత్తానికి ప్రాణం ఈ చోటనే ఉన్నది. నాటి వరకు ఆ పిల్లను ఎవరూ ఏదీ అడిగి ఎరుగరు. పెండ్లి అడిగి చేయలేదు, భర్త అడిగి వెళ్లలేదు. మొదటిసారి ఆమె ఇష్టాన్ని అడిగినది ఒక భూతం! అడిగినందువల్ల ఆమెకు సుఖం కలిగిందా అంటే, ముందుగా కలిగినది వేదన. శీర్షికలోని మాట అదే. "దువిధా"ను తెలుగు చేయాలంటే "సందిగ్ధం" చప్పగా ఉంటుంది, "ద్వైధీభావం" పండితుల నోట మాత్రమే పలుకుతుంది. "ఎటూ పాలుపోకపోవడం" అన్నది సగం అర్థాన్ని తెస్తుంది. వరూధినికి గంధర్వుని విషయంలో ఈ బాధ లేదు. ఎందుకంటే ఆమె ఎదుట రెండు దారులు లేవు. రెండు దారులున్నవని తెలిసినవారికే దువిధ. అమెరికా నవలలలో కథానాయికలు ఎందుకిట్లా అస్థిమితంగా ఉంటారని విసుగుకొనే పాఠకులు ఈ సంగతి గమనించవలెనని కోరుతాను.

చార్లెయిన్ హారిస్ 2001లో ఆరంభించిన నవలల కథానాయిక సూకీ లూసియానాలో ఒక చిన్న ఊరి పానశాలలో వడ్డన చేసే పిల్ల. ఎదుటివారి మనస్సులోని మాటలు ఆమెకు వినబడుతవి. అది వరం కాదు, నరకం. రక్తపిశాచి బిల్ మనస్సు మాత్రం ఆమెకు వినబడదు. ఆ నిశ్శబ్దంలో ఆమెకు విశ్రాంతి దొరుకుతుంది, ప్రేమిస్తుంది. పిశాచమని తెలిసియే ప్రేమిస్తుంది. 2006లో వెలువడిన ఆరవ నవలలో అసలు విషయం బయటపడుతుంది. తమ పిశాచరాణి ఆజ్ఞమీద, ఆమెను వలలో వేసుకొనడానికే అతడు ఆ ఊరికి వచ్చినాడు. అదీ మరొకరి ఒత్తిడిమీద చెప్పినాడు. కోరలు దాచనివాడు కారణాన్ని దాచినాడు. అంటే మారురూపానికి ముఖం మారనక్కరలేదన్న మాట. ఆమె యజమాని శామ్ జంతురూపం ధరించగలవాడు. వీధికుక్క అనుకొని ఆమె ఇంట్లోకి రానిచ్చి పడుకోనిచ్చిన జంతువు తెల్లవారేసరికి అతడై ఉంటుంది. రచయిత్రి దీనిని కొంత హాస్యంగా చెప్పినది. నాకు నవ్వు రాలేదు.

పాట్రీషియా బ్రిగ్స్ నవలలు ఇంకా కఠినమైనవి. ఆమె కథానాయిక మెర్సీ వాహనాలు మరమ్మతు చేసే మెకానిక్కు; కయోటీ అనే నక్కజాతి జంతువుగా మారగలదు. 2008 నాటి నవలలో ఒకడు మంత్రపు పానపాత్రతో ఆమె సంకల్పాన్నే అపహరించి బలాత్కరిస్తాడు. ఆ పాత్ర పలికించిన ఒప్పుదలను రచయిత్రి ఒప్పుదలగా లెక్కించదు. ఈ ఒక్క తీర్పు ముందు మాయాప్రవరుని నిలబెట్టి చూడండి. పెద్దన పద్యానికి దీటైన వాక్యం ఒక్కటీ ఆ నవలలలో నాకు కనబడలేదు. ధర్మవివేచనలో మాత్రం ఈ ఒక్క చోట అవి మనుచరిత్రకంటె ముందున్నవి. ఇది చెప్పడానికి తెలుగువాడెవడూ సిగ్గుపడనక్కరలేదు.

ఇంతమాత్రాన మారురూపాలన్నీ మోసాలని అనుకొనరాదు. మా నగరానికి పడమట సరాయికేలా ఉన్నది. అక్కడి ఛవ్ నర్తకులు ముఖమంతా కప్పే తొడుగు ధరించి, నోట మాట లేకుండా, మెడతోనూ పాదాలతోనూ నెమలి అవుతారు, చంద్రుడు అవుతారు. తొడుగు వెనుక మనిషి ఉన్నాడని చూచేవారందరికీ తెలుసు. తెలిసి చూచే మారురూపం కళ. దేవకీనందన్ ఖత్రీ 1888లో వెలువరించిన "చంద్రకాంత"లో వేషధారులైన ఐయారుల మాయలకు హిందీ లోకం ముగ్ధమైనది కూడా ఇందుకే; పాఠకుడు రహస్యంలో భాగస్వామి.

అదే సరాయికేలా ప్రాంతంలో మరొక విధమైన రూపపరివర్తన కూడా జరుగుతూ వచ్చినది. అక్కడ ముఖతొడుగు ధరించేవారు ధరించరు. ఇతరులు తెచ్చి తొడుగుతారు. ఊరిలో బిడ్డ జబ్బుపడుతుంది. ఎవరి పొలంమీదనో ఎవరికో కన్ను పడుతుంది. ఓఝా ఒక పేరు చెబుతాడు. తెల్లవారేసరికి ఒక మామూలు ఆడమనిషి "డాయన్" అవుతుంది. తెలంగాణ పల్లెలలో బాణామతి పేర జరిగిన ఘోరాలు తెలిసినవారికి దీనిని వివరించనక్కరలేదు. బీర్‌బాఁస్ గ్రామానికి చెందిన ఛుట్నీ మహతోను 1995లో ఈ పేరుమీదనే హింసించినారు. ఆమె బ్రతికి బయటపడి, అటువంటి నింద పడిన స్త్రీలకు అండగా నిలిచినందుకు 2021లో పద్మశ్రీ పొందినది.

"దువిధా" చివర అసలు భర్త తిరిగివచ్చినప్పుడు ఇద్దరిలో భర్త ఎవరో తేల్చడానికి ఒక గొర్రెలకాపరి న్యాయాధిపతి అవుతాడు. ఉపాయంతో భూతాన్ని నీటితిత్తిలోకి దూర్చి మూతి బిగిస్తాడు. అందరూ మెచ్చుకొంటారు. ఆ యువతిని ఒక్కమాట అడిగినవారు లేరు. ఓఝా తీర్పు ఇచ్చే చోటనూ అంతే. తానెవరో చెప్పగల మనిషి ఒక్కతే ఉన్నది. ఆమె మాటకు తప్ప అన్ని సాక్ష్యాలకూ విలువ ఉన్నది. గంధర్వుడు వరూధినికి తెలియవలసినది దాచినాడు. ఊరు ఈమె చెప్పేది వినదు. ఈ రెండు అన్యాయాలూ ఒక్క తల్లి పిల్లలని నేను భావిస్తాను.

బీహారు 1999లో చేసిన, ఝార్ఖండ్ 2001లో స్వీకరించిన చట్టం ఈ విషయంలో చాలామంది కథకులకంటె సూక్ష్మంగా ఆలోచించినది. కొట్టడం, హింసించడం వేరే నేరం. దానికి ఆరు నెలల వరకు ఖైదు. అంతకు ముందే, ఒక మనిషిని "డాయన్" అని గుర్తించి చెప్పడమే ఒక నేరం. దానికి మూడు నెలల వరకు ఖైదు, లేదా వేయి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. శిక్ష స్వల్పమే. ఐనా రూపం అంటగట్టిన మాటను దెబ్బకంటె ముందు పట్టుకొన్నది.

ఇక్కడి హిందీ పత్రికలలో ఇట్టి వార్తలను తెలుగు చేయవలసి వచ్చినప్పుడు "మంత్రగత్తె హత్య" అని వ్రాయడం సులభం. రెండే మాటలు, శీర్షికలో ఇముడుతవి. నేను "మంత్రగత్తె అన్న నెపంతో స్త్రీ హత్య" అని వ్రాస్తాను. శీర్షిక పొడుగైనదని సంపాదకులు కత్తిరించబోతే, మొదటి మాట తీసివేసి, "స్త్రీ" అన్న మాట ఉంచమంటాను.