సూర్యుని నాదము – సత్యమునకు ప్రమాణము

ఇద్దరు సాక్షులు, ఇద్దరును నిజాయితీపరులే, భిన్నముగా చెప్పినప్పుడు వివేకి ఎవరిని నమ్మవలెను? తర్కశాస్త్రము ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని ప్రమాణములను లెక్కించి, వాటి బలాబలములను శతాబ్దముల తరబడి చర్చించినది. ఆ పాత ప్రశ్న సూర్యుని విషయమున క్రొత్తగా తలయెత్తినది.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ ఆంధ్రదేశములోని గుంటూరుకు వచ్చి, సూర్యుని అంచున లేచు జ్వాలల కాంతిని వర్ణములుగా విడదీసి పరిశీలించెను. అదే సంవత్సరము ఇంగ్లండులో లాకియర్ అట్టి జ్వాలలలో, భూమిపై తెలిసిన ఏ మూలకమునకును చెందని పసుపుపచ్చని గీతను గుర్తించెను. దానికే హీలియం అని పేరు వచ్చినది. వింత యేమనగా, ఆ హీలియం సూర్యునిలో ఎంత ఉన్నదో కాంతి చెప్పలేకపోయెను. ఉపరితలమున వేడి దాదాపు 5,500 డిగ్రీలే. హీలియం తన గీతను అక్కడ వ్రాయుటకు అది చాలదు.

చెప్పినది నాదము. సూర్యుని ఉపరితలము సుమారు 5 నిమిషములకొకసారి పైకి క్రిందికి ఊగుచున్నదని లైటన్, ఆయన సహచరులు అమెరికాలోని మౌంట్ విల్సన్ నుండి కనుగొని 1962లో ప్రకటించిరి. లోపల చిక్కుకొన్న ధ్వనితరంగములే కారణమని 1970లో ఉల్రిచ్ సూచించగా, 1975లో డాయిబ్నర్ పరిశీలనలు దానిని స్థిరపరచినవి. కుండను వ్రేలితో తట్టి, కాలినదో లేదో చెప్పుట వంటిదే ఈ విద్య. ధ్వని వేగము వేడిమిని బట్టియు, వాయువుల పాళ్ళను బట్టియు మారును. సూర్యుడు అస్తమింపని కాపలాగా 1995లో లోకము చుట్టును ఆరు చోట్ల పరికరములు నెలకొల్పిరి. వాటిలో ఒకటి ఉదయపూరులో ఉన్నది. సూర్యుని వెలుపలి భాగమున హీలియం బరువులో నాలుగవ వంతు అని ఇట్టి పరిశీలనల వలననే తేలినది.

నిజమునకు ఆ నాదమును ఎవరును వినలేదు. శూన్యమును దాటి ధ్వని రాదు. కంపించు ఉపరితలపు కాంతిలోని స్వల్పభేదములను చూచియే దానిని ఊహింతురు. కావున తార్కికులు దీనిని శబ్దప్రమాణమనరు. పొగను చూచి నిప్పు నెరుగు అనుమానమే యందురు.

2005 ప్రాంతమున ఆస్ప్లుండ్ బృందము కాంతిగీతలను మరింత సూక్ష్మముగా లెక్కించి, ఆక్సిజన్, కార్బన్ వంటివి పూర్వము అనుకొన్నంత లేవని చెప్పినది. ఆ పాళ్ళతో గణించిన సూర్యుడు, ధ్వని చూపిన సూర్యునితో పొసగలేదు. 2022లో మరియొక బృందము మరల హెచ్చు పాళ్ళనే చెప్పినది. వివాదము తీరలేదు. ఒక సాక్షి నోరు నొక్కి లెక్క సరిపెట్టుట సులభము. అది శాస్త్రమున గాని, పంచాయతీలో గాని, అధర్మమే.

ఇట్టి చిక్కు పూర్వమును వచ్చినది. అమెరికాలో బంగారుగని లోతున డేవిస్ లెక్కించిన సూర్యుని న్యూట్రినోలు సిద్ధాంతము చెప్పినదానిలో మూడవ వంతే. సూర్యుని గూర్చిన సిద్ధాంతమే తప్పని పలువురు శంకించిరి. ధ్వని మాత్రము ఆ సిద్ధాంతము వైపే నిలిచినది. తుదకు 2001, 2002లలో కెనడాలోని సడ్బరీ పరిశోధకులు, న్యూట్రినోలు దారిలో రూపు మార్చుకొనుచున్నవని నిరూపించిరి. డేవిస్ లెక్కయు నిజమే, ధ్వని సాక్ష్యమును నిజమే. తప్పినది, వాటి నడుమ నున్న ఊహ.

నేటి వివాదమునను అట్టి ఊహ ఉండవచ్చును. సూర్యగర్భమంత వేడిమిలో ఇనుము కాంతిని ఎంత అడ్డగించునన్నది చాలకాలము లెక్కలకే వదలిన సంగతి. 2015లో అమెరికాలోని శాండియా ప్రయోగశాలవారు దానిని కొలిచి, సిద్ధాంతము చెప్పినదానికంటె హెచ్చుగా ఉన్నదని ప్రకటించిరి. అది నిలిచినచో పై తేడాలో కొంత భాగము తీరును. మిగిలిన భాగమునకు ఇంకను సమాధానము వెదకుచున్నారు.