గొప్పతనానికి ఎన్ని సినిమాలు కావాలి?

సినిమా పేపరు చెప్పే ప్రతి ఏడాదీ క్లాసులో ఎవరో ఒకరు అడుగుతారు: "మేడమ్, ఇప్పుడు బతికున్న అమెరికన్ దర్శకుల్లో అందరికంటే గొప్పవాళ్ళెవరు?" అడిగినవాళ్ళ దగ్గర జవాబు కూడా సిద్ధంగా ఉంటుంది. మార్టిన్ స్కోర్సెసీ, స్టీవెన్ స్పీల్‌బర్గ్, ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా, టెరెన్స్ మాలిక్, కోయెన్ సోదరులు, క్వెంటిన్ టరాంటినో. వరస మారుతుంది గానీ పేర్లు పెద్దగా మారవు. 2025 జనవరిలో డేవిడ్ లించ్ పోయినప్పుడు ఒక కుర్చీ ఖాళీ అయింది, దాన్లో ఎవర్ని కూర్చోబెట్టాలా అని వాదించుకున్నారు. ఇందులో ఒక్క స్త్రీ లేదేమని నేను అడిగేలోపే ఈమధ్య పిల్లలే సర్దుబాటు చేస్తున్నారు. "క్యాథరిన్ బిగెలోని పెడదాం మేడమ్, 2010లో ఆస్కార్ వచ్చిందిగా!" పెళ్ళి భోజనాల్లో ఆఖరి బంతిలో ఇంకో విస్తరి వేసినట్టు.

ఆ సర్దుబాటు నాకు నచ్చదు. అలాగని జాబితాలన్నీ మగబుద్ధి, కళలో పోటీ ఏమిటి అని కొట్టిపారేసే మన స్నేహితురాళ్ళ మాటా పూర్తిగా ఒప్పుకోలేను. మనం రోజూ తూకం వేస్తూనే ఉంటాం. సిలబస్‌లో ఒక నవల పెట్టి ఇంకోటి తీసేస్తాం. పత్రికకి ఒక కథ తీసుకుని ఇంకోటి తిప్పి పంపుతాం. మంచిచెడ్డలు చెప్పనంటే అది ఉదారత కాదు, తప్పించుకోవడం. కాబట్టి తూకం వెయ్యాలా వద్దా అన్నది నా ప్రశ్న కాదు. "గొప్ప దర్శకుడు" అని తూచేటప్పుడు తక్కెడలో పెడుతున్నదేమిటి?

ఈ తక్కెడకొక చరిత్ర ఉంది. హాలీవుడ్ సినిమా అంటే స్టూడియో సరుకు అనుకునే రోజుల్లో, దానికీ ఒక రచయిత ఉంటాడు, అతను దర్శకుడే అని 1950ల్లో ఫ్రెంచ్ విమర్శకులు వాదించారు. ఆ వాదాన్ని అమెరికాలో నిలబెట్టినవాడు ఆండ్రూ సారిస్. 1968లో వచ్చిన 'ది అమెరికన్ సినిమా'లో దర్శకుల్ని అంతస్తులుగా పేర్చాడు. పై అంతస్తు పేరు పాంథియాన్, అంటే దేవుళ్ళందరి గుడి. అందులో పద్నాలుగు విగ్రహాలు. గ్రిఫిత్, చాప్లిన్, ఫోర్డ్, హిచ్‌కాక్, వెల్స్... అమ్మవారు మాత్రం లేదు.

సారిస్‌ని తిట్టడం నా ఉద్దేశం కాదు. సినిమాని శ్రద్ధగా చూడటం చాలామందికి నేర్పాడు. కానీ ఆ సిద్ధాంతంలో ఒక మెలిక ఉంది. దర్శకుడి ముద్ర ఒక సినిమా నుంచి ఇంకో సినిమాకి కనబడుతూ ఉండాలి. కనబడాలంటే వరసగా సినిమాలుండాలి కదా! ఒకసారి గొప్పవాడని తేలాక అతని నాసిరకం సినిమా కూడా ఆసక్తికరమైపోతుంది, ఎందుకంటే అది అతనిది. సారిస్ ఈ వాదాన్ని 1962లో రాస్తే, మరుసటి ఏడే పాలిన్ కేల్ దాన్ని ఏకిపారేసింది. ఎదిగిన మగవాళ్ళు తమ కుర్రతనపు అనుభవాల్లోనే ఉండిపోవడానికి చూపించుకునే సాకు కాదా ఇదంతా అని అడిగింది. ఇంకో సంగతి. తెరమీద ఆడవాళ్ళని ఏం చేశారో చెప్పిన 'ఫ్రమ్ రెవరెన్స్ టు రేప్' 1974లో రాసిన మాలీ హాస్కెల్, సారిస్ భార్య. ఒకే ఇంట్లోంచి ఈ రెండు పుస్తకాలు! ఆ ఇంట్లో భోజనాల దగ్గర ఏం మాట్లాడుకునేవాళ్ళో అని నాకెప్పుడూ కుతూహలమే.

నాసిరకం సినిమా తీసినా దర్శకుడిగా మిగలగలగడం, అసలు కిటుకు అక్కడుంది. 1932లో పుట్టిన ఎలైన్ మే సంగతి చూద్దాం. 1971లో మొదటి సినిమా 'ఎ న్యూ లీఫ్' తనే రాసి, తీసి, నటించింది. డబ్బంతా తగలేసుకున్న ఓ పెద్దమనిషి, ఆస్తికోసం ఒక వృక్షశాస్త్రం పంతులమ్మని పెళ్ళాడి చంపేద్దామనుకునే కథ. ఆ పంతులమ్మగా మేనే. నైట్‌గౌను వేసుకునేటప్పుడు చెయ్యి దూర్చాల్సిన చోట తల దూర్చి చిక్కుపడే ఆ సీను చూసి నవ్వనివాళ్ళని నేను చూడలేదు. మే తీసిన సినిమా చాలా పొడుగు. స్టూడియో దాన్ని లాక్కుని గంటా నలభై నిమిషాలకి కోసింది. ఆమె కోర్టుకెళ్ళింది, ఓడిపోయింది. తర్వాత 'ది హార్ట్‌బ్రేక్ కిడ్' (1972), 'మైకీ అండ్ నిక్కీ' (1976). చివరికి 1987లో 'ఇష్తార్'.

'ఇష్తార్'కి ఐదు కోట్ల డాలర్ల పైనే ఖర్చయింది, ఘోరంగా పోయింది. అందులో హీరోలు ఇద్దరు, వారెన్ బీటీ, డస్టిన్ హాఫ్‌మన్. నిర్మాత బీటీయే. ఆ మరుసటి ఏడు హాఫ్‌మన్ 'రెయిన్ మ్యాన్' చేశాడు, ఆస్కార్ అందుకున్నాడు. బీటీ 1990లో 'డిక్ ట్రేసీ'కి దర్శకత్వం వహించాడు. ఎలైన్ మేకి మాత్రం ఇంకో కథాచిత్రం తీసే అవకాశం రాలేదు. ఒకే ఓడ మునిగితే ముగ్గుర్లో ఇద్దరు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చారు. మే మొండిది, ఫిల్ము విపరీతంగా తినేది, స్టూడియోలతో కొట్లాడేది, అదంతా నిజమే. ఆ గుణాలే ఇంకొకళ్ళలో ఉంటే మేధావి లక్షణాలంటారు.

ఇక టెరెన్స్ మాలిక్. 1978లో 'డేస్ ఆఫ్ హెవెన్' తర్వాత ఇరవై ఏళ్ళు సినిమా తియ్యలేదు. ఆ మౌనం ఒక పురాణమైంది. 1998లో 'ది థిన్ రెడ్ లైన్' తీస్తానంటే డబ్బు దొరికింది, పెద్ద నటులు వరస కట్టారు. సినిమా గొప్పదే, కాదనను. కానీ ఆయన మౌనం తపస్సు, మే మౌనం శిక్ష. కొప్పోలా 1982లో 'వన్ ఫ్రమ్ ది హార్ట్'తో దివాలా అంచుకి వెళ్ళాడు. మరుసటి ఏడే ఆయనవి రెండు సినిమాలు వచ్చాయి. ఆయన గొప్పవాడు కాదనడం లేదు. నేను లెక్కపెడుతున్నది ఆయనకు దొరికిన క్షమాపణల్ని. జాబితా పైకి సినిమాలు లెక్కపెడుతున్నట్టుంటుంది గానీ, నిజానికి లెక్కపెట్టేదీ వాటినే. ఎన్నిసార్లు పడినా లేవనిచ్చారు అన్నది.

ఇంకోటి, గొప్ప అంటే పెద్ద అనే మన అలవాటు. తెలుగులో "మహా" అన్నది కవి ముందు చక్కగా కుదురుతుంది, "మహాకవయిత్రి" అంటే మాత్రం మన చెవికి ఎందుకో కొత్తగా తగుల్తుంది. యుద్ధం, మాఫియా, సామ్రాజ్యం, ఇవుంటే మహా. కెల్లీ రైకార్ట్ 'వెండీ అండ్ లూసీ' (2008)లో ఉన్నది ఉద్యోగం వెతుక్కుంటూ అలాస్కాకి పోతున్న ఒక అమ్మాయి, చెడిపోయిన కారు, తప్పిపోయిన కుక్క, అంతే. కుక్కకి తిండి దొంగిలించి దొరికిపోతుంది. కుక్కని పోషించలేనివాళ్ళకి కుక్కెందుకు అని అంగట్లో పనిచేసే కుర్రాడు నీతి చెప్తాడు. పేదరికం మీద ఇంత నిక్కచ్చిగా తీసిన అమెరికన్ సినిమా నేను ఎక్కువ చూడలేదు. నన్ను నిజంగా బల్ల గుద్ది చెప్పమంటే ఆమె ఇప్పుడు పనిచేస్తున్న అమెరికన్ దర్శకుల్లో మొదటి ఇద్దరు ముగ్గురిలో ఉంటుంది. మొదటి సినిమా 1994లో తీస్తే రెండో ఫీచర్ సినిమా 2006లో వచ్చింది. మధ్యలో పన్నెండేళ్ళు. ఇన్ని సినిమాలు తీశాక కూడా కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూనే వచ్చింది.

"బతికున్న" అన్న మాట కూడా అమాయకమైంది కాదు. స్కోర్సెసీ పుట్టింది 1942లో. క్యాథ్లీన్ కాలిన్స్ పుట్టిందీ 1942లోనే. నల్లజాతి స్త్రీ. న్యూయార్క్ సిటీ కాలేజీలో సినిమా చెప్పేది, నాటకాలు, కథలు రాసేది, ఇద్దరు పిల్లల్ని పెంచేది. 1982లో 'లూజింగ్ గ్రౌండ్' తీసింది. ఆమె బతికుండగా అది అమెరికాలో థియేటర్లకి రాలేదు. 1988లో రొమ్ము క్యాన్సర్‌తో పోయింది, నలభై ఆరేళ్ళకి. కూతురు నీనా కాలిన్స్ పట్టుదలతో ఆ సినిమాని బాగుచేశారు, 2015లో జనం థియేటర్లో చూడగలిగారు. కథల పుస్తకం 2016లో వచ్చింది. 2020లో సినిమాని అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేర్చారు.

ఇక్కడ నా సహోద్యోగి ఒకాయన అడ్డొచ్చాడు. "తియ్యని సినిమాలకి కూడా మార్కులు వెయ్యమంటారా?" న్యాయమైన ప్రశ్నే. వెయ్యమనను. కాలిన్స్ బతికుంటే స్కోర్సెసీ అంతటిది అయ్యేదని నేను ప్రమాణం చెయ్యలేను. అలా అనడం ఆమెకి మర్యాద కూడా కాదు. కానీ "ఈ సినిమా ఆ సినిమా కంటే గొప్పది" అంటే నా దగ్గర సాక్ష్యం ఉంటుంది, సీను సీనుకి వాదించగలను. "ఈ మనిషి ఆ మనిషి కంటే గొప్ప" అంటే సాక్ష్యం ఏదీ? ఒకళ్ళని యాభై ఏళ్ళు పరీక్షించి, ఇంకొకళ్ళని హాల్లోకే రానివ్వకుండా ఫలితాలు ప్రకటించినట్టు. ఆ ఫలితాలు ఊరికే గోడమీద ఉండవు. ఎవరి నెగటివ్‌ని బాగుచెయ్యాలి, ఎవరి పేరు సిలబస్‌లోకి రావాలి, ఎవరికి తర్వాతి సినిమా డబ్బు ఇవ్వాలి అన్నవన్నీ వాటిని చూసే తేలుస్తారు.

మనుషుల్ని కాక సినిమాల్ని వరస పెడితే కొంచెం నయం. బ్రిటన్‌లో 'సైట్ అండ్ సౌండ్' పత్రిక 1952 నుంచి పదేళ్ళకోసారి ఓటింగ్ పెడుతోంది. 2022లో 1,639 మంది ఓటేస్తే, షాంతాల్ అకెర్‌మాన్ 1975లో తీసిన 'జాన్ దీల్మన్' మొదట నిలిచింది. స్త్రీ తీసిన సినిమా అక్కడికి రావడం అదే మొదలు. దర్శకుడు పాల్ ష్రేడర్ బహిరంగంగానే విసుక్కున్నాడు, ఓటర్లు పెరిగి లెక్క వంకరపోయిందన్నట్టు. అంతకుముందు డెబ్భై ఏళ్ళ లెక్క వంకరగా లేదని ఆయన నమ్మకం! అదే జాబితాలో జూలీ డాష్ 'డాటర్స్ ఆఫ్ ది డస్ట్' (1991) అరవయ్యో స్థానంలో ఉంది. నల్లజాతి అమెరికన్ స్త్రీ తీసిన సినిమాల్లో అమెరికా అంతటా థియేటర్లలో విడుదలైన మొదటి ఫీచర్ అదే. ఆ తర్వాత డాష్ టీవీకి పనిచేసింది. థియేటర్‌కి ఇంకో కథాచిత్రం తీసే డబ్బు ఎవరూ ఇవ్వలేదు. మనుషుల జాబితాలో ఆమెకి చోటుండదు, సినిమాల జాబితాలో ఉంది.

ఈ ఏడాది క్లాసులో మేం 'లూజింగ్ గ్రౌండ్' చూస్తున్నాం. సెరెట్ స్కాట్ నటించిన సారా ఫిలాసఫీ ప్రొఫెసరు. పరవశం అన్నది ఏమిటో తెలుసుకోవాలని లైబ్రరీల్లో పుస్తకాలు తిరగేస్తుంటుంది. చిత్రకారుడైన మొగుడికి అది రంగుల్లో, వేరే ఆడవాళ్ళ సాంగత్యంలో తేలిగ్గా దొరుకుతుంటుంది. ఆమె విద్యార్థి ఒకడు తన సినిమాలో నటించమంటే ఒప్పుకుంటుంది. ఆఖరి సీనులో ఆ సినిమాలోని ప్రియుడి మీదికి తుపాకి ఎత్తుతుంది సారా. మొగుడు అప్పుడే అక్కడికొచ్చి నిలబడి చూస్తుంటాడు. ఆమె పేలుస్తుంది.