ఎవరి నడకనుబట్టి నడువవలెను?

ధ్యానమునకు: ఆదికాండము 33వ అధ్యాయము, 12 నుండి 14 వచనములు



బలముగలవాడును బలహీనుడును కలిసి ఒక దారిని బయలుదేరినయెడల, ఎవరి నడకనుబట్టి ఆ ప్రయాణము సాగవలెను? ఇది చిన్న ప్రశ్నగా కనబడును. అయితే ఇంటిలోను, పొలములోను, సంఘములోను మనము ప్రతిదినము దీనికి ఏదో యొక జవాబు చెప్పుచునే యున్నాము. నోటితో కాకపోయినను నడతతో చెప్పుచున్నాము. ఈ నెల సైకిలు ప్రయాణమును ఉపమానముగా తీసికొని దీనిని ఆలోచింతము. సైకిలు అందరెరిగిన బండి. దానిమీద ఎవరి బలమెంతో దాచుట కష్టము.

మన డెల్టా నేల బల్లపరుపు. ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో ఆరంభమై 1852లో ముగిసినది. అటుతరువాత కాలువలు ఊళ్లకు పారెను. ఆ కాలువగట్లే మనకు సైకిలు దారులాయెను. కోనసీమలో పుట్టి పెరిగినవానికి కాలువ వంతెనయు ఏటిగట్టును తప్ప వేరొక కొండ తెలియదు. ఇట్టి నేలమీద పదిమంది కలిసి పోవునప్పుడు అందరును ఇంచుమించు సమానులుగానే కనబడుదురు. ఎదురుగాలి కొట్టినప్పుడు కూడ ఒక ఉపాయము కలదు. బలముగలవాడు ముందు తొక్కినయెడల గాలి దెబ్బ అతడు కాచును. అతని వెనుక చక్రమునకు దగ్గరగా వచ్చువానికి శ్రమ తగ్గును. పల్లపు నేలమీద ఒకని బలము మరియొకనికి నీడ కాగలదు.

కొండదారి అట్టిది కాదు. రాజమహేంద్రవరము నుండి గోకవరము, రంపచోడవరము మీదుగా మారేడుమిల్లికి దాదాపు 85 కిలోమీటర్లు. అది దాటి చింతూరు వైపు పోవు ఘాటు రోడ్డు అడవిలో మలుపులు తిరుగుచు సాగును. ఈ దినములలో యౌవనస్థులు కొందరు సరదాకొరకు ఆ దారిని సైకిళ్లమీద పోవుచున్నారు. ఎక్కుడులో వేగము తక్కువ గనుక గాలి అడ్డు స్వల్పము. మనిషి బరువును, సైకిలు బరువును, మూట బరువును పైకి చేర్చుటయే అక్కడి శ్రమ. ముందువాని వెనుక దాగినను ప్రయోజనము లేదు. గంట గడుచునప్పటికి గుంపు తెగిన దారమువలె ముక్కలై, మొదటివానికిని కడపటివానికిని నడుమ అనేక మలుపులుండును.

అప్పుడు బలవంతులు ఏమి చేయుదురు? పైకి పోయి చెట్టు నీడను కూర్చుండి కనిపెట్టుదురు. "మేము ఆగితిమి గదా" అందురు. ఆగుట మంచిదే. అయితే జరుగునది చూడుడి. మొదట చేరినవాడు అరగంట విశ్రమించును. కడపటివాడు రొప్పుచు వచ్చి కాలు నేల మోపగానే, "అందరును వచ్చిరి, ఇక పోదము" అని మిగిలినవారు లేతురు. ఎక్కువ విశ్రాంతి కావలసినవానికి ఏమియు దొరకలేదు. అక్కరలేనివానికి సమృద్ధిగా దొరికెను. ఎవరి మనస్సులోను చెడుతనము లేదు. అయినను అన్యాయము జరిగెను. పైన కూర్చుండి కనిపెట్టుట వేరు, ప్రక్కను నడుచుట వేరు.

యాకోబు ఈ సంగతి బాగుగా ఎరిగినవాడు. ఏశావు నాలుగువందల మందితో వచ్చి, కలిసి పోదము రమ్మని పిలిచెను. యాకోబు ఒప్పుకొనలేదు. పిల్లలు పసివారనియు, మందలో పాలిచ్చునవి కలవనియు, ఒక్క దినము వడిగా తోలినను మంద చచ్చుననియు చెప్పి, పిల్లల నడకనుబట్టియు మంద నడకనుబట్టియు మెల్లగా వచ్చెదననెను. ఏశావును గూర్చిన భయము అతనికి లేకపోలేదు. అయినను అతడు చెప్పిన మాట సత్యమే. మరియు బయలుదేరక మునుపే చెప్పెను. దారిలో పసిబిడ్డ కూలిన తరువాత చూపు జాలికంటె, బయలుదేరక మునుపు వేసికొను లెక్క మేలైనది. ఘాటు రోడ్డుమీద చీకటి పడుట మంచిది కాదు. కావున తెల్లవారుజామున ఎన్ని గంటలకు లేవవలెను, ఆ దినము ఎంత దూరము పోవలెను అను నిర్ణయము కడపటివానిని చూచి చేయవలెను. అట్లు చేయనియెడల సాయంకాలము ఓర్పు చూపుటకు ఎవరికిని సమయముండదు.

వెనుకబడుట ఎంత అపాయమో ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయము తెలియజేయుచున్నది. అమాలేకీయులు ఇశ్రాయేలీయులలో ముందు నడిచిన శూరులమీద పడలేదు. అలసి సొలసి వెనుకబడినవారిమీద పడిరి. నేటికిని శత్రువు దెబ్బ అక్కడనే తగులును.

ఇక్కడ బలవంతుడు ఒక మాట అడుగవచ్చును: "నాకు దేవుడు బలమిచ్చినాడు. ఇతరులకొరకు దానిని ఎల్లప్పుడు కట్టివేయవలెనా?" ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. బలము పాపము కాదు. దానియందు సంతోషించుటయు పాపము కాదు. అయితే మనము మన బలమనుకొనునదంతయు మన కండలలోనిది కాదు. గేర్లు గల తేలిక సైకిలు కొనగలిగినవాడు ఒకడు. తండ్రి వాడిన బరువు సైకిలును ఒకే గేరుమీద తొక్కువాడు మరియొకడు. టూర్ ద ఫ్రాన్స్ అను గొప్ప పందెమువారు 1911లో ఆల్ప్స్ పర్వతములలో మోరియెన్ లోయ నుండి 2,500 మీటర్లకు పైబడిన గాలిబియే కనుమకు మొదటిసారి ఎక్కినప్పుడు, ఆ పందెగాండ్రలోనే అనేకులు దిగి నడిచిరి. దారిలో గేరు మార్చు సాధనమును 1937 వరకు ఆ పందెములో అనుమతింపలేదు. కాబట్టి ముందున్నవాడు తన చేతికి వచ్చినదేదో, తాను సంపాదించినదేదో వేరుచేసి చూచుకొనవలెను.

ఆ పందెములోనే 1934లో జరిగిన సంగతి యొకటి కలదు. రెనె వియెత్తో ఇరువది యేండ్ల వాడు, కొండలెక్కుటలో మేటి. పిరనీసు పర్వతములలో తమ జట్టు నాయకుడైన అంతోనెన్ మాన్య్ చక్రము విరిగినప్పుడు, వియెత్తో తన చక్రము ఊడదీసి అతనికిచ్చి, వేరొకటి వచ్చువరకు గోడమీద కూర్చుండి ఏడ్చెను. ఆ ఛాయాచిత్రము ప్రసిద్ధమైనది. మరునాడు నాయకునికి మరల అట్టి ఆపద కలిగెను. ముందున్న వియెత్తో వెనుకకు తిరిగి, దిగివచ్చిన కొండనే మరల ఎక్కి, తన సైకిలును అతనికిచ్చెను. మాన్య్ ఆ పందెము గెలిచెను, వియెత్తో అయిదవవాడాయెను. మాన్య్ బలహీనుడు కాడు, నాయకుడు; ఇది జట్టు ధర్మమే గాని బీదవానికి చేసిన ఉపకారము కాదు. అయినను ఇందులో మనకు రెండు పాఠములు గలవు. తిరిగి వెళ్లుటకు చెల్లింపవలసిన వెల కలదు. కన్నీరు వచ్చినంత మాత్రమున ఆ క్రియ విలువ తగ్గదు. రెండవది, బలవంతుని ప్రశ్నకు ఇందులోనే జవాబున్నది. నీకు బలము మిగిలియున్నదా? ముందుకు పొమ్ము, తరువాత దిగి రమ్ము, అతనితో కలిసి మరల ఎక్కుము. నీ బలము ఏమాత్రము వ్యర్థము కాదు.

బలహీనునికిని ఒక మాట. గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయములో ఒకరి భారములు ఒకరు భరింపవలెనని అపొస్తలుడు చెప్పి, వెంటనే ఎవని బరువు వాడే మోయవలెనని కూడ చెప్పుచున్నాడు. గ్రీకు భాషలో ఇవి రెండు వేర్వేరు మాటలు: మొదటిది మనిషిని క్రుంగదీయు భారము, రెండవది ఎవని వంతుకు వచ్చిన బరువు. కొండమీద ఇది తేటపడును. నీ మూటను మరియొకడు తన సైకిలుకు కట్టుకొనగలడు. నీ కాళ్లకు బదులుగా తొక్కలేడు. గనుక నీ చేతనైనంత తొక్కుము, చేతకానిది దాచవద్దు. "నాకేమి, మీరు పొండి" అని సిగ్గుచేత పలికి, తరువాత లోలోపల నొచ్చుకొనుట సత్యము కాదు. వినువారును ఆ మాటను అంత త్వరగా నమ్మరాదు.

మన ఊడ్పులలో ఈ ధర్మము ఎప్పటినుండియో కలదు. మునుములో చేయి తిరిగిన ఆమె ప్రక్కనున్న ముసలమ్మ వంతులో కొంత తానే నాటి, మాట్లాడకుండ వెనుకడుగు వేయును. ముసలమ్మ సిగ్గుపడదు; మునుము వంకరపోదు. పొలములో ఎరిగిన దీనిని సంఘములో మరువనేల? మోటారుసైకిలు గలవారి వీలునుబట్టి కూటపు గంట పెట్టి, కూలికి పోయి ఆరు గంటలకు ఇల్లు చేరి పొయ్యి రాజేయు సహోదరి రాలేదని గద్దించుట న్యాయమా? చదువ నేర్చినవారి వడినిబట్టి వచనములు చదివి, అక్షరములు కూడబలుకుకొను అవ్వను నడుమలో విడిచిపోవుట న్యాయమా? మనము పైన కూర్చుండి "ఇంకను రాలేదే" అనుచున్నాము.

వచ్చే ఆదివారము ఆరాధన కాగానే ఇంటికి త్వరపడక, మన సంఘములో అందరికంటె వెనుక నడుచుచున్నది ఎవరో చూడుడి. వారి పేరు మీకు తెలియనియెడల అడిగి తెలిసికొనుడి. మంద నడకనుబట్టి నడుచు కాపరియైన ప్రభువు, బలముగలవారికి తిరిగివచ్చు మనస్సును, అలసినవారికి దాచక అడుగు ధైర్యమును దయచేయును గాక. ఆమేన్.